కెప్టెన్ చొక్కా మీద దిండు

"బ్లేడు దొరికింది, దిండు దొరికింది, రెండూ ఒకే సంచిలో దొరికాయి. ఇంకా ఏంటండీ మీరు వెతికేది, యలమంద గారూ?"

గుంటూరు నుంచి వచ్చిన డిటెక్టివ్ రంగనాయకులు ఆ మాట అని, సఫారీ జేబులోంచి రుమాలు తీసి కళ్ళజోడు తుడుచుకున్నాడు. గదిలో ఉన్న ఒక్క ఫ్యానూ తన నెత్తిమీదే తిరిగేట్టు కుర్చీ వేయించుకున్నాడు మహానుభావుడు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఒళ్ళు మండటం నాకు కొత్తేమీ కాదు. ఆ మంట వల్లే హెడ్ కానిస్టేబుల్ ఉద్యోగానికి దణ్ణం పెట్టి, తెనాలిలో టిఫిన్ హోటలు మేడమీద ప్రైవేటు డిటెక్టివ్ అని బోర్డు కట్టుకున్నాను.

"నేను వెతికేది దొంగని. మీరు వెతికింది సంచుల్ని" అన్నాను.

అది ఎనభై ఎనిమిదో సంవత్సరం, మార్చి నెలలో ఒక ఆదివారం మధ్యాహ్నం. తెనాలిలో ఫుట్‌బాల్ ఫైనల్ ఆడటానికి వచ్చిన రేపల్లె క్లబ్బుకి విడిదిగా ఇచ్చిన స్కూలు గదిలో ఉన్నాం. ఎదర బెంచీ మీద ఆ జట్టు గోల్‌కీపర్ ఏసుబాబు తల వంచుకు కూర్చున్నాడు. పక్కన వాళ్ళమ్మ విజయమ్మ. ఆవిడే నా క్లయింటు. నేను కాఫీ కూడా తాగకముందే మేడెక్కి వచ్చి, "నా కొడుకు దొంగ కాదన్నయ్యా" అని గుమ్మంలో నిలబడిపోయిన మనిషి.

విషయం ఇది. కెప్టెన్ చొక్కా మీద ఉండే క్లబ్బు బ్యాడ్జి శుక్రవారం మాయమైంది. శనివారం పొద్దున ఏసుబాబు సంచిలో దొరికింది. ఎల్లుండి ఆ కుర్రాడికి సికింద్రాబాదులో రైల్వే జట్టు సెలక్షన్. ఆ ఉద్యోగం వస్తే తల్లి కుట్టుమిషను తొక్కడం మానేస్తుంది. దొంగతనం కేసు పడితే మాత్రం రైల్వే వాళ్ళు గుమ్మం కూడా ఎక్కనివ్వరు. క్లబ్బు సెక్రెటరీ వెంకట్రామయ్య నాలుగింటికి ఆట మొదలయ్యేదాకా ఆగుతానన్నాడు, ఆ తర్వాత పోలీస్ స్టేషనుకే. రంగనాయకుల్ని పిలిపించింది కూడా ఆయనే.

"బాబూ లూకా" అని, గోడవారన నిలబడ్డ జట్టు కుర్రాళ్ళలోంచి కెప్టెన్‌ని పిలిచాను. "ఒక బ్యాడ్జి కోసం ఇంత గొడవేంటి? దాన్ని దిండంటారేంటి? మొదట్నించీ చెప్పు."

"మందంగా ఉంటుందని దిండంటాం సార్. మా క్లబ్బులో బ్యాడ్జి మారితే పాతది తియ్యం. దాని మీదే కొత్తది పెట్టి కుడతాం. కెప్టెన్ చొక్కా ఒక్కదానికే అట్టా. చొక్కా చిరిగిపోయిందనుకోండి, దిండు మొత్తం ఊడదీసి కొత్త చొక్కాకి కుడతాం. దానికి కత్తెర తగలనివ్వం. సూదితోనే దారం లాగాలి."

"అట్టడుగున ఏముంది?"

"ఎర్ర గుండె, మధ్యలో నల్ల సిలువ. మిషన్ స్కూలు డ్రిల్లు మేస్టారు జట్టు పెట్టినప్పటిది. మా తాతలు పొలం పనికెళ్ళొచ్చి, సాయంత్రం పూట ఒట్టి కాళ్ళతో ఆడేవాళ్ళంట సార్."

"దాని మీద?"

"అదే గుండె, చుట్టూ రెండు వరి కంకులు. కొల్లూరు లంకల్నించి రైతుల పిల్లలు ఆటకొచ్చారప్పుడు. వాళ్ళ పెద్దాయన ఒకరు, మావాళ్ళు కూడా చేరారు కదా, ఆ సిలువ తీసెయ్యండన్నాడంట. అప్పటి కెప్టెన్ నరసింహం గారు. ఆయనా రైతుబిడ్డే. 'మేం చేరడానికొచ్చాం, ఎవర్నీ తీసెయ్యడానికి రాలా' అని, సిలువతో సహా కొత్త బ్యాడ్జి కుట్టించి పాతదాని మీద పెట్టించాడు. అప్పట్నించీ మా క్లబ్బులో తీసెయ్యటం అనేదే లేదు సార్."

నేను పోలీసుద్యోగంలో ఉండగా వీధికొక జట్టు, కులానికొక జట్టు పెట్టుకుని, ఆట సగంలో కర్రలు తీసుకున్నవాళ్ళని ఎంతమందిని విడదీశానో నాకే లెక్క తెలీదు. శభాష్ నరసింహం అని పైకే అన్నాను. రంగనాయకులు గడియారం చూసుకున్నాడు.

"చరిత్ర పాఠం బాగుంది. టైము అయిపోతోంది" అన్నాడు.

"మీకు అయిపోతోందేమో, నాకు ఇప్పుడే మొదలైంది. చెప్పు లూకా."

"మూడోది ఆకుపచ్చ గుడ్డ సార్. ఒకసారి ఫైనల్ ముందు కొత్త బ్యాడ్జికి మంచి గుడ్డ దొరకలేదంట. అప్పటి కెప్టెన్ గారి భార్య మాణిక్యాంబ గారు పెళ్ళిచీర కొంగు కోసి ఇచ్చేసింది. ఆ ఏడు కప్పు కొట్టారు. అందుకే మా జెర్సీ ఆకుపచ్చ. నాలుగోది..." అని లూకా ఆగి విజయమ్మ వంక చూశాడు.

ఆవిడే అందుకుంది.

"నాలుగోది నేను కుట్టానన్నయ్యా. కింద మూడు నీలం గీతలుంటాయి, అలల్లాగా. డెబ్భై ఏడు ఉప్పెనలో మన జట్టు వాళ్ళు ముగ్గురు పోయారు. నడిమి గీత మా ఆయన పౌలుది."

 నేను లూకా వైపు తిరిగాను. "ఉప్పెనప్పుడు ఆ దిండు ఎక్కడుంది?"

"చొక్కాల పెట్టెలోనే సార్. పెట్టె కొట్టుకుపోయింది. తర్వాత ఎక్కడో ఉప్పుబురదలో దొరికింది. చొక్కాలు పారేశారు, దిండు ఉంచారు."

"ఉతికారా?"

"ఎట్టా ఉతుకుతాం సార్? మనోళ్ళు పోయిన నీళ్ళు. ఆ బురద అట్టాగే ఎండబెట్టి, దాని మీదే అత్త నాలుగోది కుట్టింది. ఇప్పటికీ ముక్కు దగ్గర పెట్టుకుంటే సముద్రం వాసనొస్తుంది."

నేను చాలా క్లబ్బులు చూశాను. బ్యాడ్జి అంటే సింహమో, గద్దో ఎవరో బొమ్మలాయన చేత గీయించుకుని, నాలుగేళ్ళకి మోజు తీరి మార్చుకోవడమే. ఇక్కడ ఒక ఊరు తన మంచినీ చెడునీ వరసగా పేర్చి గుండె మీద పెట్టుకుని ఆడుతోంది. నాకు వీళ్ళ మీద ఎంత గౌరవం కలిగిందో చెప్పలేను. ఆట గురించి నాకు ఓనమాలు రావు, అయినా ఆ క్షణం నుంచీ నేను రేపల్లె జట్టు మనిషినే.

"ఇప్పుడు అయిదోది రావాలన్నమాట" అన్నాను.

లూకా మొహం చిట్లించాడు. "వెంకట్రామయ్య గారిది అమృతలూరులో రైసుమిల్లు. ఏనుగు మార్కు బియ్యం. మా క్లబ్బుకొచ్చి మూడేళ్ళయింది. ఖర్చంతా పెడతాను, ఏనుగు బొమ్మ పెట్టుకోండన్నాడు. సరే పైన కుడతామన్నాం. అది ప్లాస్టిక్‌ది సార్, దిండు మీద కూర్చోదు. క్యాలెండర్‌కి ఫొటో తీయించాలి, ఆ మురికి ముద్ద తీసి పొయ్యిలో పెట్టండన్నాడు. మీటింగులో ఏసుబాబు లేచి, దిండు తీస్తే నేను గోల్లో నిలబడనన్నాడు."

"అన్నందుకే దాన్ని దాచేశాడు" అన్నాడు రంగనాయకులు. "కారణం ఉంది, అవకాశం ఉంది, వస్తువు దొరికింది. శుక్రవారం పొద్దున వీళ్ళు బస్సు దిగి, పెట్టె తాళం తీసి ఇక్కడ పెట్టి, అందరూ టిఫిన్‌కి వెళ్ళారు. చీలమండ నొప్పని ఈ అబ్బాయి ఒక్కడే గదిలో ఉన్నాడు. తిరిగొచ్చేసరికి చొక్కా బోడిగా ఉంది. ఇంకేం కావాలండీ?"

నేను ఏసుబాబు ముందుకి వెళ్ళి నిలబడ్డాను. "తీశావా?"

"లేదండి."

"బ్లేడు ఎవరిది?"

"నాదేనండి. గడ్డం గీసుకునేది."

"దిండు సంచిలోకి ఎట్టా వచ్చింది?"

"తెలీదండి. శనివారం పొద్దున్నే అందరం ప్రాక్టీసుకెళ్ళాం. సంచులన్నీ ఇక్కడే ఉన్నాయి."

"తెలీదు, తెలీదు! అదొక్కటే నేర్చుకున్నావా రైల్వేలో చెప్పడానికి?" అని కసిరాను. కుర్రాడు కళ్ళెత్తి నన్ను సూటిగా చూశాడు. అబద్ధం చెప్పేవాడు అట్టా చూడడు, మొహం పక్కకి తిప్పుకుంటాడు. నాకు లోపల సంతోషమే కలిగింది.

అప్పుడు చొక్కా తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్ళాను. ఎండ పడేట్టు పట్టుకుంటే, ఎడమ రొమ్ము మీద దిండు ఉన్న చోట ఆకుపచ్చ రంగు వెలిసిపోకుండా గుండ్రంగా ఉంది. దాని చుట్టూ సూది కన్నాలు వరసగా ఉన్నాయి. ఒక్క గాటు లేదు. ఒక్క దారం ముక్క మిగల్లేదు.

"రంగనాయకులు గారూ, ఇట్టా రండి. బ్లేడుతో కోస్తే ఏం మిగులుతుంది?"

ఆయన లేచి వచ్చాడు. ఇష్టం లేకుండానే వంగి చూశాడు. "దారం ముక్కలు" అన్నాడు.

"ఎక్కడున్నాయి? ఎవరో సూది మొనతో ఒక్కో కుట్టూ ఎత్తి, దారం తెగకుండా లాగారు. చుట్టూ ఇన్ని కుట్లు! కూర్చుని గంటల తరబడి చెయ్యాల్సిన పని. వీళ్ళు తిన్నది పెళ్ళిభోజనం కాదండీ, నాలుగిడ్లీలు."

 నాకు ఊపొచ్చింది. సంచిలో దొరికిన దిండు బల్ల మీద ఉంటే అందుకున్నాను. పైన గుండె, సిలువ, కంకులు, నీలం గీతలు, అన్నీ పొందిగ్గా ఉన్నాయి. అంచు దగ్గర గోటితో పొరలు విడదీశాను. ఆకుపచ్చది, తెల్లది, దాని కింద ఇంకో తెల్లది. తెల్లగా అంటే అప్పుడే చలువ చేసి తెచ్చినట్టు ఉన్నాయి.

"లూకా, ఇది దొరికాక విప్పి చూశారా?"

"లేదు సార్. సెక్రెటరీ గారు మా చేతికివ్వలేదు. కేసు వస్తువు, ముట్టుకోవద్దన్నారు."

"ముట్టుకో ఇప్పుడు. ముక్కు దగ్గర పెట్టుకో."

లూకా వాసన చూశాడు. వాడి మొహం ఎర్రబడింది. "ఇది మాది కాదు సార్! గంజి వాసనొస్తోంది!"

"అదీ సంగతి!" అని బల్ల మీద చరిచాను. "ఎవరో క్లబ్బు గోడమీది పాత ఫొటోలు చూసి, వరస తప్పకుండా నాలుగు పొరలూ కుట్టించారు. కానీ వాళ్ళకి బురద సంగతి తెలీదు. ఇంత గౌరవంగా చూసుకునే వస్తువు శుభ్రంగానే ఉంటుందనుకున్నారు. ఉప్పెన నాటికి ఈ క్లబ్బులో లేనివాళ్ళు చేసిన పని ఇది. ఇది దొంగసొత్తు కాదు, దొంగ సాక్ష్యం. ఏసుబాబూ, లేవయ్యా!"

జట్టు కుర్రాళ్ళు కేకలు పెట్టారు. రంగనాయకులు మాత్రం కళ్ళజోడు తీసి చేతిలో పట్టుకుని, ఆ నకిలీ దిండు వంకే చూస్తున్నాడు. ఆయన్ని ఒట్టి డాబు మనిషి అనుకున్నాను గానీ, కాదు. బుర్ర ఉంది.

"ఒప్పుకుంటున్నాను యలమంద గారూ. నన్ను ఎవరో వెధవని చేశారు. అది తర్వాత చూస్తాను." గొంతులో పౌరుషం వినిపించింది. "కానీ మీరు చెప్పినదాన్నే ముందుకు నడుపుతాను. అసలు దిండు విప్పడం గంటల పని. టిఫిన్ టైములో జరగలేదు. అంటే తెనాలిలో జరగనే లేదు. పెట్టెకి తాళం పడకముందే, రేపల్లెలోనే జరిగింది. లూకా, పెట్టె సర్దింది ఎవరు?"

లూకా వంగి బూటు తాడు బిగించుకోసాగాడు.

"చెప్పవేం?"

"ఆ అబ్బాయిని ఇబ్బంది పెట్టకండి" అంది విజయమ్మ. "సర్దింది నేనే. విప్పింది కూడా నేనే."

 కొడుకుని విడిపించాలని ఒక్కో ముక్కా నేనే పేర్చాను. అదంతా తీసుకెళ్ళి తల్లి మెడకి చుట్టినట్టయింది. చొక్కాల పెట్టె ఎవరు సర్దారని మొదట అడగాల్సిన మాట నేను అడగలేదు. నా క్లయింటు మీద నాకెందుకు అనుమానం వస్తుంది? నా మీద నాకే అసహ్యం వేసింది.

"అమ్మా!" అన్నాడు ఏసుబాబు.

"ఉండరా. చెప్పనీ." ఆవిడ నా వైపు తిరిగింది. "పొయ్యిలో పెట్టమన్నాడన్నయ్యా ఆయన. మా ఆయన శవం కూడా దొరకలేదు నాకు. సమాధి లేదు. ఆ నీలం దారం ఒక్కటే ఉంది. ఫైనల్ అయ్యాక తీసేస్తారని తెలిసి, నేనే ముందు తీశాను. ఇట్టా నా కొడుకు మెడకి చుట్టుకుంటుందని కలగన్నానా? సంచిలోది అసలుది కాదని వినగానే తెలుసు నాకు. నీకెట్టా తెలుసని అడిగితే ఏం చెప్పను? తల్లి తీసింది, కొడుకు దాచాడంటారు. అందుకే మీ దగ్గరికొచ్చాను. మీరే కనిపెడితే నేను నోరు విప్పే పని ఉండదనుకున్నాను."

"భేష్! విన్నారుగా అందరూ?"

గుమ్మంలో సెక్రెటరీ వెంకట్రామయ్య నిలబడి ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో! ఖద్దరు చొక్కా, చేతిలో కారు తాళాలు. "తల్లీ కొడుకూ కలిసి క్లబ్బు సొత్తు కాజేశారు. ఇద్దరి మీదా పెడతాను కేసు. పదండి స్టేషనుకి."

ఏసుబాబు అడ్డం వెళ్ళాడు. "అమ్మని వదిలెయ్యండి సార్. నేనే తీశానని రాయించుకోండి. సెలక్షన్‌కి వెళ్ళను, మీ ఇష్టం వచ్చినట్టు చేసుకోండి."

"నోర్ముయ్ వెధవా!" అని విజయమ్మ కొడుకు చెయ్యి పట్టుకుని వెనక్కి లాగింది. ఆవిడ కళ్ళల్లో అప్పుడొచ్చాయి నీళ్ళు.

నేను దగ్గరికి వెళ్ళాను. "చెల్లెమ్మా, దిండు ఎక్కడుంది?"

"బాపట్లలో ఇచ్చాను. దేవదానానికి."

గది మొత్తం ఒక్కసారి "ఆఁ!" అంది. దేవదానం అంటే బాపట్ల జట్టు కెప్టెన్. ఇంకాసేపట్లో వీళ్ళు తలపడబోయేది ఆ జట్టుతోనే.

"ప్రత్యర్థి చేతికిచ్చావా?" అన్నాడు వెంకట్రామయ్య.

"అవునండి. వాళ్ళు మనల్ని ఓడించాలనుకుంటారు గానీ, మన దిండుని పొయ్యిలో పెట్టరు."

ఆ మాటకి చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపించింది. లూకా అప్పటికే వరండాలోకి పరుగెత్తాడు. మధ్యాహ్నం రైలుకి దిగిన బాపట్ల జట్టు చివరి గదిలో ఉంది. అయిదు నిమిషాల్లో దేవదానాన్ని వెంటబెట్టుకొచ్చాడు. ముప్ఫై ఏళ్ళ మనిషి, దిట్టంగా ఉన్నాడు. అప్పటికే బూట్లు వేసుకున్నాడు. చేతిలో తెల్ల తువ్వాలు మూట. బల్ల మీద పెట్టి విప్పాడు. వంగక్కర్లేకుండానే ఉప్పుబురద వాసన తగిలింది. రంగనాయకులు అంచు ఎత్తి చూసి, తల ఊపాడు.

"ఇది మీకెప్పుడు ఇచ్చింది?" అని అడిగాను దేవదానాన్ని.

"గురువారం సాయంత్రమండి. అత్త బస్సులో వచ్చి ఇచ్చింది. ఎవరికీ చెప్పొద్దంది, చెప్పలేదు. ఆట అయ్యాక మీ జట్టు మొత్తం ముందు ఇద్దామని తెచ్చాను. ఈ కుర్రాణ్ణి పట్టుకున్నారని లూకా ఇప్పుడు చెబితేనే తెలిసింది." అని వెంకట్రామయ్య వంక తిరిగాడు. "ఓహో! అందుకనా మీరు మొన్న బాపట్ల వచ్చింది?"

"నేనెందుకొస్తాను బాపట్ల?"

"కారేసుకుని రాలేదూ? మా గోల్‌కీపర్‌ని హోటలుకి తీసుకెళ్ళి టిఫిన్ పెట్టించలేదూ? 'మా ఏసుబాబు ఇంక క్లబ్బులో ఉండడు, ఆ చోట్లోకి వస్తావా, మిల్లులో ఉద్యోగం కూడా ఇస్తాను' అన్నారంట. వాడు తిన్నాడు, రానన్నాడు, నాతో చెప్పాడు."

"మొన్న అంటే ఏ రోజు?" రంగనాయకులు నాకంటే ముందు అడిగాడు.

"శుక్రవారం సాయంత్రమండి."

రంగనాయకులు మెల్లగా లేచాడు. "ఏసుబాబు సంచి తెరిచింది శనివారం పొద్దున. తెరిచింది నేను. ముందు ఆ సంచే చూడమని నా చెవిలో చెప్పింది మీరు. దొరక్కముందే అతను క్లబ్బులో ఉండడని మీకెట్టా తెలిసిందండీ, వెంకట్రామయ్య గారూ?"

 వెంకట్రామయ్య వెనక్కి తిరిగాడు. గుమ్మం నిండా ఆకుపచ్చ జెర్సీలు అడ్డంగా నిలబడి ఉన్నాయి.

"స్టేషనుకి పదండన్నారుగా, వెళదాం" అన్నాడు రంగనాయకులు. "శుక్రవారం దిండు పోగానే, రాత్రికి రాత్రే నకిలీది కుట్టించి ఈ కుర్రాడి సంచిలో పెట్టించినందుకు కేసు నేను పెడతాను. సాక్ష్యం కూడా నేనే చెబుతాను. యలమంద గారూ, మీరూ వస్తారా?"

"ఆట చూసి వస్తాను" అన్నాను. ఆయన మొట్టమొదటిసారి నవ్వాడు.

లూకా కెప్టెన్ చొక్కా తీసుకెళ్ళి విజయమ్మ ఒళ్ళో పెట్టాడు. "కుట్టత్తా" అన్నాడు.  ఆవిడ కొంగున గుచ్చుకున్న సూది తీసింది గానీ, కన్నీళ్ళకి దారం ఎక్కడం లేదు. రెండుసార్లు తప్పింది. ఏసుబాబు మోకాళ్ళ మీద కూర్చుని ఎక్కించి ఇవ్వబోయాడు.

దేవదానం వాడి భుజం పట్టుకుని పైకి లేపాడు. బల్ల కింద పడి ఉన్న గ్లోవ్స్ తీసి, దుమ్ము దులిపి, వాడి చేతుల్లో పెట్టాడు.

"ఆ పని మీ అమ్మకి వదిలేసి ఇవి తొడుక్కోరా ముందు. నువ్వు లేని గోల్లో బంతి వెయ్యడానికి నేను బాపట్ల నుంచి రాలేదు."